గాయంలో గాజుపెంకు ఉంది, సర్టిఫికెట్‌లో ఎందుకు లేదు?

ముందుగా ఒక కాగితం చదువుదాం. ప్రభుత్వ ఆస్పత్రి ముద్ర ఉన్న గాయాల సర్టిఫికెట్ అది. పోలీసులూ ప్లీడర్లూ దీన్ని వూండ్ సర్టిఫికెట్ అంటారు. పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీద రెండు పుట్టుమచ్చలు - ఇవన్నీ నిండుగా ఉన్నాయి. పుట్టుమచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఎంతో శ్రద్ధగా రాశారు. గాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకటే వరుస. ఎడమ పిక్క మీద చిట్లిన గాయం, 3 సెంటీమీటర్లు పొడుగు, 1 సెంటీమీటరు వెడల్పు, స్వల్పం. లోతు ఎంతో లేదు. అంచులు ఎలా ఉన్నాయో లేదు. దేనితో అయిందో లేదు. లోపల ఏమన్నా దిగిందా అన్న మాటే లేదు. కింద చదవరాని సంతకం.

ఆ ‘స్వల్ప’ గాయంలోంచి 23వ రోజున బొటనవేలి గోరంత గాజుపెంకు బయటికి వచ్చింది. గోధుమరంగు గాజు. బీరు సీసాది.

జరిగింది ఇది. 2023 ఏప్రిల్ 14 రాత్రి అంబేద్కర్ జయంతి ఊరేగింపు ఊరి పెద్దవీధిలోంచి పోవాలా వద్దా అన్న గొడవ. మన పల్లెలున్న ప్రతి మండలంలోనూ ఏదో ఒక ఏడు వచ్చే గొడవే. ఊరి పెత్తందారుల పిల్లలు అడ్డం తిరిగారు, కులం పేరెత్తి తిట్టారు, జనరేటరు వైరు తెంపారు. చీకట్లో ఒకడు సీసా అరుగుకేసి పగలగొట్టి మనవాడి కాల్లో పొడిచాడు. మనవాడు తాపీ పని చేసుకునే కుర్రవాడు, 26 ఏళ్లు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయేసరికి రాత్రి 11 దాటింది. డ్యూటీ డాక్టరు బల్లకి అవతలే కూర్చుని అడిగాడు. కాలు పట్టుకుని చూసింది, కడిగింది, కుట్టింది కింది ఉద్యోగి. ‘‘అయ్యా, సీసాతో పొడిచారు, లోపలేమన్నా ఉందేమో చూడండయ్యా’’ అని తల్లి రెండుసార్లు అన్నది. ‘‘ఏం లేదమ్మా, చిన్న దెబ్బే, సూది వేశాం పో’’ అన్నారు. ఎక్స్‌రే తీయలేదు. నాలుగు కుట్లు వేసి పంపించారు.

కాలు వాచింది. చీము పట్టింది. మూడు వారాలు మంచంలోనే. చివరికి అప్పు చేసి టౌన్లో ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోతే ఆయన కుట్టు విప్పి గాజు తీశాడు. దూదిలో చుట్టి తల్లి చేతిలో పెట్టాడు. మంచి పనే చేశాడు, కానీ ఆయనా కాగితం మీద ‘‘గాజు తీశాను’’ అని రాయలేదు. పోలీసు కేసు అని తెలిసి భయపడ్డాడట. మందుల చీటీ మాత్రం ఇచ్చాడు.

ఇంతలో పోలీసులు చార్జిషీటు తయారుచేశారు. ఎఫ్.ఐ.ఆర్.లో సీసా ఉంది. సాక్షుల వాంగ్మూలాల్లో సీసా ఉంది. చార్జిషీటుకు వచ్చేసరికి సీసా మాయం. ఎందుకని మనవాళ్లు అడిగితే దర్యాప్తు చేసిన అధికారి ఒకే మాట చెప్పాడు. ‘‘మెడికల్‌లో లేదుగా.’’

ఈ కాగితాన్ని మేము పదిమందికి చూపించాం. ప్లీడర్లకు చూపించాం, సంఘాల నాయకులకు చూపించాం. అందరికన్నా సూటిగా మాట్లాడింది ఆ కుర్రవాడి చెల్లెలు. బీఎస్సీ చదివి, హైదరాబాదులో అమీర్‌పేటలో నాలుగు నెలలు మెడికల్ కోడింగ్ నేర్చుకుని, ఇప్పుడు అమెరికా ఆస్పత్రుల కాగితాలు చూసే ఒక కంపెనీలో పనిచేస్తోంది. మన పల్లెల్లోంచి డిగ్రీలు, ఫార్మసీ చదివిన పిల్లలు ఈ పనిలోకి బాగానే పోతున్నారు. ఇంట్లో వాళ్లకి మాత్రం ‘ఏదో కంప్యూటర్ పని’ అనే తెలుసు. మాకూ అంతే తెలుసు. ఆమె చెబితేనే అర్థమైంది.

అక్కడ రోగిని చూసిన డాక్టరు ఏం చూశాడో, ఏం చేశాడో రాస్తాడు. ఈ పిల్లలు ఆ రాత చదివి ప్రతి జబ్బుకీ, ప్రతి గాయానికీ ఒక నంబరు వేస్తారు. ఆ నంబరు చూసి ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు ఇస్తుంది. 2015 అక్టోబరు 1 నుంచి అక్కడ కొత్త నంబర్ల పుస్తకం నడుస్తోంది. దాంట్లో సుమారు 70 వేల నంబర్లు ఉన్నాయి. కాలి గాయం ఒక్కటే తీసుకుంటే చిట్లిన గాయం వేరు, గుచ్చుకున్న గాయం వేరు, కరిచిన గాయం వేరు. చిట్లిన దాంట్లో మళ్లీ లోపల బయటి వస్తువు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. గుచ్చుకున్న దాంట్లోనూ అంతే. తర్వాత కుడికాలా, ఎడమకాలా. మొదటి వైద్యమా, తర్వాత చూపించుకోవడానికి వచ్చాడా, పాత గాయం మిగిల్చిన బాధా - దీనికి చివర్లో ఒక అక్షరం.

‘‘మా అన్న గాయం మా పుస్తకంలో ఎస్ 81.842ఎ అన్నా’’ అన్నది ఆ అమ్మాయి. ‘‘అంటే ఎడమకాలు మోకాలి కింద, గుచ్చుకున్న గాయం, లోపల బయటి వస్తువు ఉంది, మొదటి వైద్యం. దాని పక్కన ఎవరో కావాలని గాజుతో పొడిచారు అని చెప్పడానికి ఎక్స్ 99.0 వేస్తాం. గాజు తీయకుండా లోపలే మిగిలిపోతే దానికి జడ్ 18.81. కర్రముక్క మిగిలిపోతే జడ్ 18.33. ముల్లు గుచ్చుకుంటే డబ్ల్యూ 60.’’

తుమ్మముల్లుకు కూడా నంబరు ఉందా అని మాలో ఒకాయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

‘‘ఈ కాగితం నా బల్ల మీదికి వస్తే నేను నంబరు వేయలేను అన్నా. లోపల ఏముందో రాయలేదు. డాక్టరు రాయనిది మేము ఊహించి వేయకూడదు. వెనక్కి పంపించి, అయ్యా గాయం లోపల ఏమన్నా ఉందా, దేనివల్ల అయింది, రాయండి అని అడుగుతాం. దాన్ని క్వెరీ అంటారు. డాక్టరు ఎంత పెద్దవాడైనా జవాబు రాయాల్సిందే. లేకపోతే బిల్లు ఆగిపోతుంది.’’

ఇక్కడ మేము ఆగి చాలాసేపు ఆలోచించాం. ముక్కూ మొహం తెలియని అమెరికావాడి కాల్లో గాజు దిగితే, ఎడమకాలో కుడికాలో కూడా తప్పు పోకుండా రాత్రి రెండింటి దాకా కూర్చుని రాస్తున్నది మన పల్లె పిల్ల. సొంత అన్న కాల్లో దిగిన గాజుకు మన ఆస్పత్రి పుస్తకంలో ఒక్క అక్షరం చోటు లేకపోయింది.

అమెరికాను పొగడటానికి ఇది రాయడం లేదు. అక్కడ అంత వివరం రాయించేది రోగి మీద ప్రేమ కాదు, బిల్లు. ఇన్ని భాగాలుగా గాయాన్ని విడదీసింది కూడా అమెరికా తన అవసరం కోసమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అసలు పుస్తకంలో ఇంత విభజన లేదు. డబ్బు కోసం రాసేవాళ్లు న్యాయం కోసం కూడా రాస్తారని నమ్మే పిచ్చివాళ్లం కాదు మేము. కానీ ఒక సంగతి తేలిపోయింది. గాయాన్ని వివరంగా రాయడం డాక్టర్లకు చేతకాని పని కాదు. అడిగేవాడు ఉంటే రాస్తారు. మన దగ్గరే చూడండి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆపరేషనుకు ముందు రిపోర్టులు, ఫోటోలు కంప్యూటర్లో ఎక్కించకపోతే డబ్బు రాదు అనేసరికి ఆస్పత్రులన్నీ ఎక్కించడం నేర్చుకున్నాయి. ట్రస్టు అడిగింది, చూపించారు. దళితుడి గాయం గురించి అట్లా వెనక్కి పంపి అడిగేవాడెవడు? దర్యాప్తు అధికారి అడగాలి. అడగడు. ఖాళీ గడి ఉంటే ఆయన పని తేలికవుతుంది. పబ్లిక్ ప్రాసిక్యూటరు అడగాలి. ఆయన చేతికి కట్ట వచ్చేసరికి ఏడాది దాటుతుంది. మనం అడగాలి. మనకు ఏం అడగాలో తెలియదు.

ఆ ఖాళీ గడి కోర్టులో ఏం చేస్తుందో ఇప్పుడు లెక్క చూద్దాం. 2023లో జరిగిన సంగతి కాబట్టి పాత ఐపీసీ వర్తిస్తుంది. ఊరికే కొట్టి స్వల్ప గాయం చేస్తే 323, ఏడాది దాకా శిక్ష. పొడిచే, కోసే ఆయుధంతో స్వల్ప గాయం చేస్తే 324, మూడేళ్ల దాకా. అదే ఆయుధంతో తీవ్ర గాయం చేస్తే 326, పదేళ్ల దాకా గానీ యావజ్జీవం గానీ. పగిలిన సీసా పొడిచే ఆయుధం కాకపోతే మరేమిటి? ఇక తీవ్ర గాయం అంటే ఎముక విరగడమొక్కటే కాదు. చట్టం ఎనిమిది రకాలు చెప్పింది. ఎనిమిదోది - ప్రాణానికి ముప్పు తెచ్చేది, లేదా 20 రోజులపాటు తీవ్రమైన నొప్పితో బాధపడేట్టు గానీ, రోజూ చేసుకునే పని చేసుకోలేకుండా గానీ చేసేది. మనవాడు 23 రోజులు మంచంలో ఉండి, గాజు తీయించుకున్నాక ఇంకో నెల తాపీ పట్టలేదు.

ఇంకో మెట్టు ఉంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో 3(2)(5) అనే సెక్షను ఉంది. పదేళ్లు, ఆపైన శిక్షపడే నేరం, బాధితుడు ఎస్సీ గానీ ఎస్టీ గానీ అని తెలిసి చేస్తే యావజ్జీవ శిక్ష, జరిమానా. 326 అందులోకి వస్తుంది. 323 రాదు. అంటే లోపల గాజు ఉందని ఒక మాట, 20 రోజులు దాటి మంచాన పడ్డాడని ఒక మాట - ఈ రెండూ కాగితం మీదికి వస్తే ముద్దాయి యావజ్జీవానికి జవాబు చెప్పుకోవాలి. రాకపోతే ఏడాది. ఆ ఏడాది కూడా ఎవడు వేశాడు, జరిమానాతో సరి. మన పార్టీల నాయకులు అసెంబ్లీలో చట్టం బలహీనపడుతోందని ఉపన్యాసాలు ఇస్తారు. రాత్రి 11 గంటలకు డ్యూటీ రూములో ఒక బాల్‌పెన్ను చట్టాన్ని సగానికి సగం కోసేస్తోంది. అది వాళ్ల కంటికి కనబడదు.

2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారత న్యాయ సంహిత వచ్చింది. నంబర్లు మారాయి. స్వల్ప గాయం 115, తీవ్ర గాయం అంటే ఏమిటో చెప్పేది 116, ఆయుధంతో చేసినవి 118. పనిలో ఉన్న కార్యకర్తలు ఒక మార్పు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆ 20 రోజుల లెక్క ఇప్పుడు 15 రోజులైంది. ఇది మనకు అక్కరకొచ్చే మార్పు. అయితే 15 రోజులు ఆస్పత్రిలో పడుకున్నంత మాత్రాన చాలదు. నొప్పి తీవ్రంగా ఉందనీ, పని చేసుకోలేకపోయాడనీ రుజువు కావాలి. మేస్త్రీ దగ్గర కూలి లెక్క పుస్తకం ఉంటుంది, ఉపాధి హామీ పనికి మస్టరు ఉంటుంది. ఆ రోజుల్లో మనవాడి పేరు లేని పేజీలు జాగ్రత్త చేయండి. పేరు లేకపోవడం కూడా సాక్ష్యమే.

ముద్దాయిల ప్లీడరు ఏమంటున్నాడో చూడండి. కుర్రాడు తాగి తారురోడ్డు మీద పడ్డాడట, కంకర గుచ్చుకుందట. సరే, కంకర గుచ్చుకుంటే గాయంలో కంకర ఉండాలి, మట్టి ఉండాలి, చుట్టూ చర్మం గీరుకుపోవాలి. ఆ రాత్రే ‘‘లోపల కంకర, మట్టి లేవు, చుట్టూ గీరుకుపోయిన గుర్తులు లేవు, అంచులు పదునుగా తెగి ఉన్నాయి’’ అని రాసి ఉంటే ఆ ప్లీడరు నోరు అక్కడే మూతపడేది. లేదు అని రాయడం కూడా రాయడమే. ఆ అమ్మాయి పుస్తకంలో ‘బయటి వస్తువు లేదు’ అనే దానికి కూడా విడిగా నంబరు ఉంది కదా! మన సర్టిఫికెట్‌లో ఉన్నదీ రాయరు, లేనిదీ రాయరు.

చిట్లిన గాయమని రాశారు చూడండి, అదీ తేలిగ్గా తీసుకోవలసిన మాట కాదు. మొద్దుగా ఉన్న వస్తువు తగిలితే చర్మం చిట్లుతుంది, అంచులు నలిగి ఉంటాయి. పదునైనది తగిలితే తెగుతుంది, అంచులు సాఫుగా ఉంటాయి. గుచ్చితే పైన చిన్న నోరు, లోపల లోతు. మూడింటికీ మూడు పేర్లు వైద్య విద్యార్థి చదువుకునేటప్పుడే నేర్చుకుంటాడు. లోతు కొలవకుండా, అంచులు చూడకుండా చిట్లిన గాయమని రాస్తే పడిపోయాడన్న కథకు దారి వేసినట్టే. ఆ డాక్టరు కావాలని చేశాడా, నిద్రమత్తులో చేశాడా, ఎవరన్నా ఫోన్ చేశారా, మాకు తెలియదు. ఊరి పెద్దమనుషుల కారు మాత్రం ఆ రాత్రి ఆస్పత్రి ఆవరణలోనే ఉంది, మనవాళ్లు చూశారు.

గాజు కనబడలేదు కాబట్టి రాయలేదు అనే వాదన కూడా విన్నాం. కనబడటానికే ఎక్స్‌రే. గాజు ఎక్స్‌రేలో చాలావరకు కనబడుతుంది. ఇనప ముక్క, నాటు తుపాకీ గుళ్లు, రాయి బాగా కనబడతాయి. కర్రపేడు, ముల్లు, ప్లాస్టిక్కు మామూలుగా కనబడవు. వాటికి అల్ట్రాసౌండ్ చేసి చూడాలి. కర్రలతో కొట్టిన కేసుల్లో పేడు లోపల ఉండిపోయి నెలల తరబడి చీము కారడం మన పల్లెల్లో అందరూ ఎరిగిందే. సీసా పగిలి దిగిందని రోగి చెబుతుంటే గాయం అడుగుదాకా చూడకుండా, ఎక్స్‌రే తీయకుండా కుట్లు వేయడం వైద్యం ప్రకారమే తప్పు. కులం సంగతి తర్వాత. తీసిన ముక్కను ఏం చేయాలి? సీసాలో వేసి, మూత మీద సీలు వేసి, ఎవరి ఒంట్లోంచి ఎప్పుడు తీశారో చీటీ అంటించి, పోలీసు చేతికిచ్చి రసీదు తీసుకోవాలి. అది అక్కడినుంచి ఫోరెన్సిక్ లాబరేటరీకి పోవాలి. ఘటన జరిగిన చోట దొరికిన సీసా ముక్కలూ ఇదీ ఒకటేనా అని అక్కడ పరీక్షిస్తారు. మన కేసులో అరుగు దగ్గర ముక్కలు కూడా పోలీసులు ఏరలేదు. మర్నాడు పంచాయతీ పాకీమనిషితో ఊడ్పించేశారు. ఆయనా మనవాడే.

ఆ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గాజుపెంకులు, సూదులు, రేకుముక్కలు చేతుల్లో కాళ్లలో దిగేది కొట్లాటల్లోనే కాదు. మునిసిపాలిటీ చెత్తబండ్ల మీద పనిచేసే మన అక్కచెల్లెళ్లకు వారానికోసారి దిగుతాయి. వాళ్లు కాంట్రాక్టు మనుషులు. దెబ్బ తగిలిందని ఎక్కడా రాయించరు. రాయిస్తే మేస్త్రీ మర్నాడు పనికి రావద్దంటాడు. పసుపు అద్దుకుని పోతారు. పనిలో తగిలిన దెబ్బకు ఈ.ఎస్.ఐ. కింద రావలసింది కూడా కాగితం లేక రాదు. దీని గురించి విడిగా రాయాలి, రాస్తాం.

కాగితమే కదా అని తీసిపారేసేవాళ్లకు చుండూరు గుర్తుచేస్తున్నాం. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. పోరాడి పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చావు ఏ సమయంలో, ఏ చోట జరిగిందో, ఎవరు కొట్టారో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందన్నది. దేశం మొత్తం తెలిసిన హత్యాకాండ గతే అది. ఎవరికీ తెలియని పిక్క గాయం గతి ఏమిటి?

డాక్టర్లు మనల్ని తప్పుగా అనుకోకుండా ఒక మాట. రాత్రిపూట ఒక్కడే డాక్టరు, కాన్పులూ పాముకాట్లూ తాగుడు కేసులూ అన్నీ ఒక్కడి మీదే పడతాయని మాకు తెలుసు. గ్లవ్సు లేక, ఫిల్ము లేక, టెక్నీషియన్ లేక పనిచేసేవాళ్లున్నారు. పెత్తందారు పక్కనే నిలబడి కళ్లెర్రజేస్తున్నా ఉన్నది ఉన్నట్టు రాసి బదిలీ అయినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు దండం. ఆస్పత్రి మీద పడి అద్దాలు పగలగొట్టే పని మనవాళ్లు ఎవరూ చేయవద్దు. మనం అడిగేది రాత.

అడిగే హక్కు చట్టంలోనే ఉంది. 2015లో అత్యాచారాల చట్టాన్ని సవరించారు. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాంట్లో 4వ సెక్షను చదవండి. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వ ఉద్యోగి ఈ చట్టం కింద తన విధిని కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ఆ విధుల్లో ఒకటి - ఏ పత్రమైనా, ఏ కంప్యూటరు రికార్డయినా సరిగ్గా తయారుచేయడం. ఈ సెక్షనును మనం ఇంతకాలం ఎస్సైల మీదే చూసుకున్నాం. ప్రభుత్వ డాక్టరు ప్రభుత్వ ఉద్యోగి కాడా? గాయాల సర్టిఫికెట్ పత్రం కాదా? దీని కింద కేసు కట్టాలంటే ముందు శాఖాపరమైన విచారణ సిఫారసు కావాలి, అది సులువు కాదు. అయినా అర్జీలో ఈ సెక్షను పేరు రాస్తే చాలు, గడులు నిండుతాయి. మేము ఒకచోట చూశాం.

ఇక మన సంగతి. ఇది రాయడానికి మాకే సిగ్గుగా ఉంది. ఆ రాత్రి మేము ఎక్కడున్నాం? పోలీసుస్టేషను ముందు ఉన్నాం. రెండువందల మందిమి ధర్నా చేశాం, పాటలు పాడాం, తెల్లారుజాముకు ఎఫ్.ఐ.ఆర్. వేయించాం, గెలిచామనుకున్నాం. మర్నాడు కలెక్టరాఫీసుకు పోయాం. ఆస్పత్రిలో బల్ల దగ్గర తల్లి ఒక్కతే ఉంది. చదువురాని మనిషి. ఆమె రెండుసార్లు అడిగింది. మాలో చదువుకున్నవాడు ఒక్కడు పక్కనుండి మూడోసారి అడిగి ఉంటే ఎక్స్‌రే తీసేవాళ్లేమో. కారంచేడు నాటినుంచీ మన ఉద్యమం స్టేషనుకూ సెక్రటేరియట్‌కూ దారి బాగా నేర్చుకుంది. ఆస్పత్రి దారి నేర్చుకోలేదు. గాయపడ్డవాణ్ణి చూడటానికి పళ్లు పట్టుకుని పోతాం, ఫోటో దిగుతాం, కేస్ షీటు చూడం.

పల్లెల్లో ఈ పత్రిక చదివి వినిపించే అన్నలారా, అక్కలారా, ఈ నాలుగు సంగతులు మాత్రం నెమ్మదిగా చదివి వినిపించండి. దెబ్బ తగిలిన మనిషిని ముందు ఆస్పత్రికి తీసుకుపోండి. ఎఫ్.ఐ.ఆర్. తెస్తేనే చూస్తాం అంటే కుదరదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పోలీసు కేసయినా సరే ముందు వైద్యం చేయాల్సిందేనని. పోలీసులకు కబురు పంపడం ఆస్పత్రి పని. చదువు వచ్చిన మనిషి ఒకరు మొదటినుంచీ పక్కన ఉండాలి. దేనితో కొట్టారో డాక్టరుకు మీ నోటితో చెప్పండి, చెప్పింది రాయమనండి. కొట్టింది కర్రా, గొడ్డలా, సీసానా, రాయా అన్నది ‘బాధితుడు చెప్పిన ప్రకారం’ అనే చోట రావాలి. లోపల ఏమన్నా ఉందా చూడమనండి, ఎక్స్‌రే రాయమనండి. తీయకపోతే ‘‘ఫలానా కారణంగా తీయలేదు’’ అని రాయమనండి. లోతు కొలిచారా అని అడగండి. మర్యాదగానే అడగండి, అండీ అనే అడగండి, కానీ అడగండి.

కుట్లు వేయకముందే గాయం ఫోటో తీయండి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే ఎంత గాయమో తెలుస్తుంది. ఫోన్లోంచి ఆ ఫోటో చెరిపేయవద్దు. రక్తం బట్టలు ఉతకవద్దు. మన ఆడవాళ్లు ఇంటికి రాగానే చేసే మొదటి పని అదే, చూడలేక. కాగితం సంచిలో పెట్టి పోలీసులకిచ్చి రాయించుకోండి. సర్టిఫికెట్ పోలీసులకే ఇస్తాం అంటారు. అననీయండి. కేస్ షీటు నకలు, ఎక్స్‌రే కోసం రోగి పేరుతో అర్జీ పెట్టండి. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది. అర్జీ రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. తర్వాత చీము పట్టినా, లోపలినుంచి ఏదన్నా బయటికి వచ్చినా మళ్లీ ప్రభుత్వ ఆస్పత్రికే పోయి, పాత కేసు నంబరు చెప్పి, రాయించండి. ప్రైవేటు డాక్టరు దగ్గరికి పోవలసివస్తే ఆయన్ని బతిమాలి అయినా రెండు వరుసలు రాయించండి - ఏ తేదీన, ఎక్కడినుంచి, ఏం తీశాడో. స్వల్పం అని ఒకసారి రాసినా తర్వాత తేలినదాన్నిబట్టి డాక్టరు అభిప్రాయం మార్చి రాయవచ్చు. దర్యాప్తు అధికారి అడగాలి. ఆయన చేత అడిగించడానికి మనం అడగాలి.

డాక్టర్ల చేతిరాత గురించి కూడా పోట్లాడవలసిందే. హర్యానాలో మెడికో లీగల్ రిపోర్టులు కంప్యూటర్లో నింపే పద్ధతి పెట్టారు. మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఆస్పత్రిలోనూ అలాంటిది కావాలి. ఊరికే కంప్యూటరు పెడితే సరిపోదు. లోతు, అంచులు, ఆయుధం, బయటి వస్తువు ఉందా లేదా - ఈ గడులు నింపందే కాగితం బయటికి రాకూడదు. ఇది చేయగల పిల్లలు హైదరాబాదులో వేలమంది ఉన్నారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. మొన్న ఆ అమ్మాయిని మేము ఒకటి అడిగాం. మన కేసుల సర్టిఫికెట్లు చూసి, ఎక్కడ ఏం రాయలేదో ఒక కాగితం మీద వరుసగా రాసి పెట్టగలవా తల్లీ అని. ‘‘మీకు వచ్చినవి పంపండి అన్నా, ఆదివారాలు చూస్తాను’’ అన్నది. ఇప్పటికి పదకొండు పంపాం. తొమ్మిదింట్లో లోతు లేదు.

ఇక ఆ గాజుపెంకు. తల్లి దాన్ని తన సున్నం డబ్బాలో పెట్టి దాచింది. సీలు లేదు, రసీదు లేదు, ఎవరు తీశారో కాగితం లేదు. ప్రత్యేక కోర్టులో మళ్లీ దర్యాప్తు చేయించమని మన ప్లీడరు పిటిషను వేశాడు. దాన్ని కోర్టు తీసుకుంటుందో లేదో చెప్పలేనన్నాడు. ప్రైవేటు డాక్టరును సాక్షిగా రమ్మని అడగడానికి మేము రెండుసార్లు పోయాం. మొదటిసారి కలవలేదు. రెండోసారి కలిశాడు, ఆలోచిస్తానన్నాడు. వచ్చే వాయిదాకు ముందు మళ్లీ పోతాం. ఈసారి తల్లి కూడా వస్తానంటోంది, డబ్బా పట్టుకుని.